రేడాన్ పరీక్ష: మన ఇళ్లకు ఏ పద్ధతి నప్పుతుంది?

మా అమ్మాయి వాళ్లు పెన్సిల్వేనియాలో ఇల్లు కొన్నారు. బేరం ఖాయం చేసుకునే ముందు ఇల్లు చూడటానికి వచ్చిన ఇన్‌స్పెక్టర్ పైకప్పు, కరెంటు, ప్లంబింగ్‌తో పాటు, నేలలోంచి ఇంట్లోకి వచ్చే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువును కూడా కొలిచాడట. లీటరు గాలికి 6 పికోక్యూరీలు వచ్చింది. అమ్మేవాళ్లు తమ ఖర్చుతో పైపూ ఫ్యానూ పెట్టించి ఇచ్చాకే మా వాళ్లు సంతకాలు పెట్టారు. ఆ రాత్రి ఫోన్లో, "అమ్మా, మన తాడేపల్లి ఇంట్లో ఎంత ఉంటుందో?" అని అడిగింది.

ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను. యురేనియం శ్రేణిని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. కానీ ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత ఏడాది పాటు ఒక్కో పద్ధతీ చేసి చూశాను. ఇప్పుడు మా వీధిలో వాళ్లు, గుంటూరులో మా అక్క వాళ్ల అపార్ట్‌మెంట్ వాళ్లు "ఏది కొనమంటారు?" అని అడుగుతున్నారు. అందరికీ పనికొస్తుందని ఇదంతా ఒకచోట రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. మన వైపు ఇళ్లకు రెండు మూడు రోజుల పరీక్ష నప్పదు. కనీసం మూడు నెలలు కొలిచే పద్ధతే ఎంచుకోండి. అది కూడా రాత్రి ఏసీ వేసి, తలుపులు బిగించి పడుకునే కింది గదిలోనే పెట్టండి.

ముందు నాలుగు ముక్కలు విషయం

రాళ్లలో, మట్టిలో, ఇటుకలో ఎంతో కొంత యురేనియం ఉంటుంది. అది మెల్లగా విచ్ఛిన్నమవుతూ రేడియం అవుతుంది, రేడియం నుంచి రేడాన్-222 పుడుతుంది. ఈ వరుసలో మిగతావన్నీ ఘనపదార్థాలు, పుట్టిన చోటే పడి ఉంటాయి. రేడాన్ ఒక్కటే వాయువు. మట్టి సందుల్లోంచి పైకి వచ్చి, నేల పగుళ్లలోంచి ఇంట్లోకి దూరుతుంది. రంగు లేదు, వాసన లేదు. ఆరుబయట గాలిలో కలిసిపోతే భయం లేదు. మూసిన గదిలో పోగైతేనే చిక్కు.

దాని అర్ధాయువు 3.8 రోజులు. విచ్ఛిన్నమయ్యాక పుట్టే పొలోనియం లాంటివి గాలిలో దుమ్ముకు అంటుకుని, ఊపిరితో లోపలికి వెళ్లి ఊపిరితిత్తుల గోడలకు పట్టుకుంటాయి. అక్కడే ఆల్ఫా కణాలు వదులుతాయి. ఆల్ఫా కణాన్ని ఒక కాగితం ముక్క ఆపేస్తుందని పిల్లలకు చెబుతాం, నిజమే. కానీ ఊపిరితిత్తి లోపల ఆ కాగితం అడ్డం ఉండదు. 1988లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రేడాన్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో చేర్చింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్లకు పెట్టిన హద్దు, ఘనపు మీటరు గాలికి 100 బెకరెల్స్. స్థానిక పరిస్థితుల వల్ల అది కుదరని చోట కూడా 300 దాటకూడదంది. అమెరికా వాళ్లు పికోక్యూరీల్లో చెబుతారు. వాళ్ల హద్దు లీటరుకు 4, అంటే మన లెక్కలో 148 బెకరెల్స్. ఒక పికోక్యూరీకి 37 బెకరెల్స్ అని గుర్తుపెట్టుకుంటే, పరికరం ఏ దేశానిదైనా తికమక ఉండదు. మా అమ్మాయి ఇంటి 6ను 37తో గుణిస్తే 222.

బెకరెల్ అంటే సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నం కావడం. పన్నెండు అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న మామూలు పడకగదిలో సుమారు 40 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. ఆ గదిలో ఘనపు మీటరుకు 100 బెకరెల్స్ ఉంటే, మనం ఒకసారి "అమ్మా" అనేలోపు నాలుగు వేల రేడాన్ పరమాణువులు విచ్ఛిన్నమైపోతాయి. ఈ లెక్క భయపెట్టడానికి చెప్పలేదు. ఆరుబయట గాలిలో కూడా 5 నుంచి 15 దాకా ఉంటుంది, ప్రపంచంలోని ఇళ్ల సగటు 40 ప్రాంతంలో ఉంది. సున్నా అనేది ఎక్కడా రాదు. ఏళ్ల తరబడి సగటున ఎంత పీలుస్తున్నాం అన్నదే లెక్క. ఆ దీర్ఘకాలపు సగటు ప్రతి 100 పెరిగినప్పుడు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు సుమారు 16 శాతం పెరుగుతుందని యూరప్‌లో చేసిన ఉమ్మడి అధ్యయనాలు తేల్చాయి.

ఇంట్లో ఎవరైనా సిగరెట్, బీడీ, చుట్ట కాలుస్తారా? అయితే ఈ వ్యాసంలో మీకు అన్నిటికంటే ముఖ్యమైన పేరా ఇదే. అమెరికా పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం 4 పికోక్యూరీల ఇంట్లో జీవితమంతా గడిపిన వెయ్యి మంది పొగతాగేవాళ్లలో 62 మందికి ఊపిరితిత్తుల క్యాన్సర్ రావచ్చు. ఎప్పుడూ తాగని వెయ్యి మందిలో అయితే ఏడుగురికి. పొగాకు బోర్డు ఆఫీసు ఉన్న గుంటూరులో ఈ మాట చెప్పడం కొందరికి కష్టంగా ఉండొచ్చు. అయినా చెబుతాను. ముందు ఆ చుట్ట మానిపించండి, తర్వాత మీటరు కొనండి. డబ్బు ఖర్చు లేకుండా ముప్పు ఇంతగా తగ్గే దారి ఇంకొకటి లేదు.

మీ ఇంటికి పరీక్ష అవసరమా?

అందరూ ఎగబడి కొనాల్సిన పని లేదు. ఇంటిని బట్టి వరుస పెట్టుకోవచ్చు.

స్టిల్ట్ పార్కింగ్ ఉన్న అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తో, ఆ పైనో ఉంటే మీకూ నేలకూ మధ్య గాలి ఆడే ఖాళీ ఉంది. నేలలోంచి వచ్చే రేడాన్ చాలావరకు అక్కడే చెదిరిపోతుంది. గోడల నుంచి వచ్చే కొద్దిపాటిదే మిగులుతుంది. మీరు వరుసలో ఆఖరున ఉన్నారు. నిశ్చింతగా ఉండండి.

నేల మీదే కట్టిన ఇండిపెండెంట్ ఇల్లు, అందులో కింది పడకగది, ఆ గదికి ఏసీ ఉంటే మీరు ముందు వరుసలో ఉన్నట్టు. ఉండవల్లి, సీతానగరం, మంగళగిరి, గుణదల, కొండపల్లి లాంటి చోట్ల కొండను ఆనుకుని, రాతిని తొలిచి చదును చేసి కట్టిన ఇళ్లయితే ఇంకా ముందు. పునాది కింద పగిలిన రాయి ఉన్నప్పుడు వాయువు పైకి రావడానికి దారులు ఎక్కువ. పోరంకి, కానూరు వైపు కృష్ణ ఒండ్రు నేలల్లో, తడిగా బిగుసుకున్న బంకమట్టి ఉన్నన్నాళ్లు కదలిక తక్కువ. గుంటూరు నల్లరేగడి సంగతి వేరు. వానాకాలంలో సీలు వేసినట్టు ఉంటుంది, ఎండాకాలం వచ్చేసరికి చెయ్యి పట్టేంత బీటలు వారుతుంది. ఇవన్నీ ఊహకు ఆధారాలే తప్ప కొలతలు కావు. ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లకు రెండు మూడు రెట్లు తేడా రావచ్చు.

ఇక్కడ ఒక మాటతో జాగ్రత్త. మన మేస్త్రీలు బేస్‌మెంట్ అంటే రోడ్డు కంటే ఎత్తుగా గ్రావెల్ పోసి లేపిన పునాది మట్టం. అమెరికా వీడియోల్లో బేస్‌మెంట్ అంటే నేల లోపలి గది, మన భాషలో సెల్లార్. "బేస్‌మెంట్‌లోనే రేడాన్ ఎక్కువ" అని విని "మాకు బేస్‌మెంట్ ఐదడుగులు, మా ఇంట్లో ఎక్కువ ఉంటుందేమో" అని మా పక్కింటి మాస్టారు రెండు రోజులు నిద్రపోలేదు. ఎత్తు పెరిగితే చెడు కాదు. ఆ ఐదడుగులూ ఏ కొండ గ్రావెల్‌తో నింపారు, పైన వేసిన కాంక్రీటు ఎంత గట్టిగా ఉంది అన్నవే చూడాలి.

మన పెద్దవాళ్ల ఇళ్లకు ఈ గొడవ తక్కువ. మండువా లోగిలి, గోడకు పైన వెంటిలేటర్లు, రాత్రంతా తెరిచి ఉండే కిటికీలు. గాలి గంటకు ఎన్నిసార్లు మారేదో. ఇప్పుడు యూపీవీసీ కిటికీలు, తలుపు కింద రబ్బరు పట్టీ, వెంటిలేటర్ ఉన్న చోట ఏసీ పైపు. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తీసుకోదు, గదిలో గాలినే మళ్లీ మళ్లీ తిప్పి చల్లబరుస్తుంది. విజయవాడ ఎండల్లో రాత్రి తొమ్మిదికి మూసిన తలుపు పొద్దున్న ఏడుకు తెరుస్తాం. ఆ పది గంటలూ నేలలోంచి వచ్చేది వస్తూనే ఉంటుంది, పోయే దారి ఉండదు.

బొగ్గు డబ్బా

అమెరికాలో అందరికీ తెలిసిన కిట్ ఇదే. యాక్టివేటెడ్ చార్‌కోల్ నింపిన చిన్న డబ్బా లేక పొట్లం. మూత తీసి రెండు నుంచి నాలుగు రోజులు, కొన్ని రకాలు వారం దాకా గదిలో పెట్టి, మళ్లీ మూసి ల్యాబ్‌కు పంపాలి. చవక, తేలిక. మా అల్లుడు మొదట పంపింది ఇదే.

నాలుగు రోజులు పెట్టి, శ్రద్ధగా టేపు వేసి, కొరియర్ ఆఫీసుకు నేనే వెళ్లి ఇచ్చాను. చేరడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆలస్యమైంది కాబట్టి ఫలితం చెల్లదని ల్యాబ్ నుంచి మెయిల్ వచ్చింది. కొంచెం ఆలోచిస్తే నాకే తెలియాల్సింది. బొగ్గు పట్టుకున్న రేడాన్‌లో 3.8 రోజులకు సగం పోతుంది, ఎనిమిది రోజులకు పావు వంతు కూడా మిగలదు, పన్నెండు రోజులకు తొమ్మిదో వంతు. పైగా బొగ్గుకు తేమంటే ప్రాణం. జులై, ఆగస్టుల్లో మన గాలిలోని తేమను తాగేసి, రేడాన్‌కు చోటు తగ్గించేస్తుంది.

వీటన్నిటికంటే పెద్ద అభ్యంతరం ఇంకొకటి ఉంది. ఈ పద్ధతి ఇల్లంతా మూసి ఉంచి కొలవడానికి తయారైంది. పెట్టడానికి పన్నెండు గంటల ముందు నుంచే తలుపులూ కిటికీలూ మూయమంటారు. చలిదేశంలో ఇల్లు ఎలాగూ అలాగే ఉంటుంది. మన ఇంట్లో పొద్దున్నే తలుపులు బార్లా తెరవాలి, ముగ్గు వేయాలి, పనమ్మాయి రావాలి, పాలవాడు రావాలి. నాలుగు రోజులు మూసి కొలిస్తే వచ్చే అంకె మనం బతికే ఇంటిది కాదు. కాబట్టి బొగ్గు డబ్బా వద్దు. ఎవరైనా ఊరికే ఇచ్చినా వద్దు.

ఆల్ఫా ట్రాక్ ఫిల్ము

నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది. చిన్న ప్లాస్టిక్ గిన్నె లాంటిది, దాని లోపల గోరంత ప్లాస్టిక్ ముక్క. కరెంటు లేదు, బ్యాటరీ లేదు, శబ్దం లేదు. గదిలో వేలాడదీసి మూడు నెలలో, ఆరు నెలలో, ఏడాదో మర్చిపోవచ్చు. గిన్నెలోకి చేరిన రేడాన్ వదిలే ఆల్ఫా కణాలు ఆ ప్లాస్టిక్ మీద కంటికి కనపడని గాట్లు పెడతాయి. ల్యాబ్‌లో దాన్ని వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో నానబెడితే ఆ గాట్లు పెద్దవై మైక్రోస్కోపులో గుంటల్లా కనిపిస్తాయి. వాటిని లెక్కపెడతారు.

ఎక్కువగా వాడే ప్లాస్టిక్ పేరు సీఆర్-39. మీ కళ్లద్దాల షాపతన్ని అడగండి, ఆ పేరు అతనికి బాగా తెలుసు. చాలా ప్లాస్టిక్ లెన్సులు చేసేది దాంతోనే. మన దేశంలో పరిశోధకులు ఎల్ఆర్-115 అనే ఎర్రటి సెల్యులోజ్ నైట్రేట్ ఫిల్ము కూడా వాడతారు. భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్లు దీనితోనే రెండు అరల పిన్‌హోల్ డోసిమీటర్ తయారు చేశారు. మొదటి అరలోకి రేడాన్, థోరాన్ (థోరియం నుంచి పుట్టే ఇంకో రకం రేడాన్) రెండూ వెళతాయి. సూదిబెజ్జాల్లోంచి రెండో అరకు చేరేలోపు థోరాన్ చచ్చిపోతుంది, ఎందుకంటే దాని అర్ధాయువు 56 సెకన్లే. రెండు ఫిల్ముల తేడా చూస్తే ఏది ఎంతో తెలిసిపోతుంది. ఇంత సింపుల్‌గా, ఇంత తెలివిగా ఉన్న పరికరాలు తక్కువ.

గాటు ఒకసారి పడిందంటే పోదు. అందుకే పోస్టులో ఇరవై రోజులు ఆలస్యమైనా కొంప మునగదు. గడువు అయిపోగానే దానితో వచ్చిన రేకు సంచిలో పెట్టి గాలి చొరకుండా మూసేయాలి, అంతే. అమెరికాలో 30 డాలర్లకు అటూ ఇటూగా దొరుకుతుంది, ల్యాబ్ ఖర్చు అందులోనే ఉందో లేదో చూసి కొనాలి. వచ్చేవాళ్లతో తెప్పించుకుని, వెళ్లేవాళ్లతో పంపొచ్చు. మన జిల్లాల్లో అమెరికా వెళ్లేవాళ్లకు కరువు లేదు కదా. దగ్గర్లోని యూనివర్సిటీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో కూడా అడిగి చూడండి. రేడాన్ మీద పనిచేసే పరిశోధక విద్యార్థులు ఉంటే కొలతలకు ఇళ్లు కావాలని వాళ్లే వెతుక్కుంటూ ఉంటారు.

దీనికి ఒకటే లోపం. చివరకు చేతికొచ్చేది ఒక్క అంకె. రాత్రి ఎంత, పగలు ఎంత, కిటికీ తీస్తే ఎంత తగ్గింది అన్నది చెప్పదు.

డిజిటల్ మీటరు

ఆ లోపం తీర్చేది ఇది. నార్వే వాళ్ల ఎయిర్‌థింగ్స్, కొరియా వాళ్ల రేడాన్‌ఐ ఎక్కువగా వినపడే పేర్లు. అమెరికాలో నూరు నుంచి రెండు వందల డాలర్ల మధ్య ఉంటాయి, కొన్ని మోడళ్లు ఇంకా ఎక్కువ. మొదటి దానిలో సిలికాన్ డిటెక్టర్, గాలి మెల్లగా దానంతట అదే లోపలికి చేరుతుంది. తొందరపడదు, నమ్మదగ్గ సగటు రావడానికి వారాలు ఆగాలి. రెండోది అయనీకరణ గది మీద పనిచేస్తుంది, గంటలోపే అంకె చూపించి తరచుగా మారుస్తూ ఉంటుంది. ఏ గదిలో, ఏ వేళలో పెరుగుతోందో వెతకాలంటే రెండోది హాయి. పడక పక్కన పెట్టి ఏడాది వదిలేయాలంటే మొదటిది చాలు. బ్యాటరీతో నడిచేదైతే కరెంటు పోయినప్పుడు టెన్షన్ ఉండదు.

మా మరిది తెచ్చిన మీటరును ఏప్రిల్లో కింది పడకగదిలో టీపాయ్ మీద పెట్టాను. మొదటి రాత్రి పదింటికి 24. మధ్యలో లేచి చూస్తే 61. పొద్దున ఆరింటికి 88. కిటికీలు రెండూ తెరిచి కాఫీ పెట్టుకుని వచ్చి కూర్చున్నాను. నా కళ్ల ముందే దిగడం మొదలైంది, ఎనిమిదిన్నరకు 30కి వచ్చింది. ముప్పై ఏళ్లు బోర్డు మీద రాసింది ఆ చిన్న తెర మీద కదులుతుంటే లేవబుద్ధి కాలేదు. మర్నాడు రాత్రి ఏసీ వేసే, కిటికీ రెక్క ఒక అంగుళం తెరిచి పడుకున్నాం. పొద్దున 52. ఆ ఒక్క అంగుళం విలువ ఏ ఫిల్మూ నాకు చెప్పి ఉండేది కాదు.

దీనికీ లోపాలున్నాయి. రోజూ అంకె చూడటం అలవాటైతే మనసు పాడవుతుంది. వాన కురిసిన రాత్రి 110 చూపించింది. చుట్టూ నేల తడిసి మూసుకుపోతే వాయువు పొడిగా ఉన్న ఇంటి కిందికే దారి వెతుక్కుంటుంది. మావారు ఆ రాత్రే హాల్లో పరుపు వేశారు. ఒక రాత్రి అంకెను పట్టుకుని నిర్ణయాలు చేయకూడదు. మా గది సగటు ఆరు నెలలకు 47 దగ్గర నిలబడింది.

ఎలక్ట్రెట్ అని ఇంకొకటి ఉంది. టెఫ్లాన్ బిళ్ల మీద చార్జి ఎంత తగ్గిందో చూసి లెక్కకట్టే పద్ధతి. బాగుంటుంది గానీ, చదవడానికి వేరే వోల్టేజి మీటరు కావాలి. ఇది వృత్తిగా చేసేవాళ్లకు, మనకు కాదు.

ఇక ఆన్‌లైన్లో "రేడియేషన్ మీటర్" అని వెయ్యి, రెండు వేలకు దొరికేవి సెల్ టవర్, మైక్రోవేవ్ లాంటి వాటి విద్యుదయస్కాంత క్షేత్రాలు కొలుస్తాయి. రేడాన్‌కూ వాటికీ సంబంధం లేదు. వంటగ్యాస్ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా దీన్ని పట్టవు. మా వీధిలో ఒకాయన అలాంటి మీటరు కొని, ఫ్రిజ్ దగ్గర ఎర్రలైటు వెలిగిందని కంగారుపడి పరుగెత్తుకొచ్చారు.

అయితే ఏది కొనాలి?

ఒక్క ఇల్లు, ఒక్కసారి తెలుసుకుంటే చాలు అనుకునేవాళ్లకు ఆల్ఫా ట్రాక్. ఒక గదిలో మార్చి చివర పెట్టి జూన్ ఆఖరుకు తీయండి, అది ఏసీ కాలం. కుదిరితే ఇంకొకటి డిసెంబరు నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా. అప్పుడు ఏసీలు ఉండవు గానీ దోమలకూ మంచుకూ కిటికీలు మూస్తాం. ఒకటే పెట్టగలిగితే ఏడాది పొడవునా ఉంచే రకం తీసుకోండి, అన్ని రుతువులూ అందులోకి వచ్చేస్తాయి.

నలుగురు కలిసే కాలనీ అయితే నా ఓటు డిజిటల్‌కే. పది ఇళ్లు కలిసి ఒకటి కొనుక్కుంటే ఒక్కొక్కరికీ పడేది పది నుంచి ఇరవై డాలర్లే. ఇంటికి నెల చొప్పున తిప్పి, హద్దుకు దగ్గరగా వచ్చిన ఇళ్లలో మాత్రం ఆల్ఫా ట్రాక్ పెట్టి ఖాయం చేసుకోవచ్చు. ఇల్లు మారినప్పుడల్లా మీటరును రీసెట్ చేయడం మర్చిపోకండి, లేకపోతే పాత ఇంటి సగటు కొత్త ఇంటికి అంటుకుంటుంది.

ఏది కొన్నా పెట్టే చోటు ముఖ్యం. నేల నుంచి కనీసం ఇరవై అంగుళాల ఎత్తున, కిటికీకీ తలుపుకీ మూడడుగుల దూరంలో, గోడకు కనీసం అడుగు ఎడంగా పెట్టాలి. గోడలోంచి వచ్చే థోరాన్ నిమిషంలోపే పోతుంది కాబట్టి ఆ అడుగు దూరం దాన్ని ఆపేస్తుంది. ఏసీ గాలి నేరుగా తగిలే చోట వద్దు. వంటగది, బాత్రూమ్, దీపం వెలిగే పూజగది వద్దు. చాలామంది అడిగేది, సీలింగ్ ఫ్యాను తిరిగితే తేడా వస్తుందా అని. ఫ్యాను వల్ల రేడాన్ పిల్లలు, అంటే అది విచ్ఛిన్నమై పుట్టే పొలోనియం లాంటివి, కొన్ని గోడలకు అంటుకుపోతాయి, ఆ మేరకు మనకు మంచిదే. రేడాన్ మాత్రం గదిలోనే ఉంటుంది, మీటరు దాన్నే చూపిస్తుంది.

ఎక్కువ వస్తే

100 లోపు వస్తే వదిలేయండి. కొత్తగా ఏసీ పెట్టినా, కిటికీలు మార్చినా మళ్లీ ఒకసారి చూడండి. 100కీ 300కీ మధ్య అయితే గాలి ఆడే ఏర్పాటు చేసి, పగుళ్లు మూసి, ఇంకో సీజన్ కొలవండి. 300 దాటితే ఆగొద్దు.

గాలి విషయంలో ఒక పొరపాటు జరుగుతుంటుంది. గదికి ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి మిగతావన్నీ మూసేస్తే అది గదిలో గాలిని లాగి, నేలలోంచి ఇంకా ఎక్కువ పీల్చుకొచ్చే ప్రమాదం ఉంది. బయటి గాలి లోపలికి వచ్చే దారి ముందు ఉండాలి. దోమల మెష్ ఉన్న కిటికీ ఒక అంగుళం తెరవడం, తెల్లవారుజామున నాలుగింటికి ఏసీ ఆపేసి కిటికీలు తీయడం, పాత వెంటిలేటర్ మూసేసి ఉంటే తెరిపించడం. కరెంటు బిల్లు కాస్త పెరుగుతుంది, పెరగనివ్వండి.

పగుళ్ల సంగతికొస్తే, బాత్రూమ్ నహానీ ట్రాప్ చుట్టూ, పైపులు నేలలోకి దిగే చోట, గోడా నేలా కలిసే అంచు చూడండి. మన ఇళ్లలోనే ఉండే దారి ఇంకొకటి ఉంది, చెదల మందు బెజ్జాలు. గోడ వెంట అడుగుకొకటి డ్రిల్లు వేసి మందు పోసి, పైన తెల్లసిమెంటు పూస్తారు. మా ఇంట్లో మంచం జరిపి స్క్రూడ్రైవరుతో గుచ్చితే ఆ సిమెంటు పెంకులా ఊడి వచ్చింది. కింద బెజ్జం ఖాళీ, నేరుగా పునాది మట్టిలోకి. పదకొండు బెజ్జాలు సిమెంటు గ్రౌటుతో నిండా నింపించాను.

ఎయిర్ ప్యూరిఫయర్ దీనికి పరిష్కారం కాదు. దుమ్మునూ, దానితో కొన్ని రేడాన్ పిల్లలనూ పడుతుంది గానీ వాయువు ఫిల్టరులోంచి దర్జాగా పోతుంది.

మా అమ్మాయి ఇంట్లో పెట్టింది గట్టి మందు. నేల కాంక్రీటుకు రంధ్రం చేసి, పీవీసీ పైపు దించి, ఎప్పుడూ తిరిగే చిన్న ఫ్యానుతో పునాది కింది గాలిని డాబా పైకి లాగేస్తారు. సగం నుంచి 99 శాతం దాకా తగ్గిస్తుందని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతుంది. ఫ్యాను, పైపు, కోర్ కటింగ్ అన్నీ మన బజార్లో దొరికేవే. వాళ్ల ఇంట్లో ఇప్పుడు 1 పికోక్యూరీ కంటే తక్కువ.

కొత్తగా ఇల్లు కట్టేవాళ్లు దయచేసి ఇప్పుడే ఆలోచించండి. గ్రావెల్ నింపాక నాలుగంగుళాల మందాన 40 ఎంఎం కంకర పరిచి, అందులో నాలుగంగుళాల పీవీసీ పైపు ఒక ముక్క పడుకోబెట్టి, దాన్ని గోడ వెంట డాబా పైదాకా తీసుకెళ్లండి. కంకర మీద మందపాటి పాలిథిన్ షీటు వేసి అప్పుడు కాంక్రీటు పోయించండి. రేపు అవసరం పడితే పైన ఫ్యాను తగిలిస్తే సరిపోతుంది. కట్టాక చేయించడం కంటే కట్టేటప్పుడు చేయిస్తే ఖర్చు చాలా తక్కువ. ఇబ్రహీంపట్నం థర్మల్ బూడిదతో చేసిన ఇటుకల గురించి భయపడి ఎర్ర ఇటుకకు మారక్కర్లేదు. బొగ్గు కాలాక బూడిదలో రేడియం కాస్త చిక్కబడుతుంది నిజమే గానీ, గాజులాంటి ఆ రేణువుల్లోంచి రేడాన్ బయటికి వచ్చేది తక్కువ. గ్రానైట్ గట్టు గురించీ అంతే. నేలలోంచి వచ్చేదాని ముందు అవి చిన్నవి. ఎరువుల ఫ్యాక్టరీల జిప్సంతో చేసిన బోర్డులు గదంతా కొట్టిస్తుంటే మాత్రం ఎక్కడిదో అడగండి, ఆ జిప్సంలో ఫాస్ఫేటు రాతి రేడియం మిగిలి ఉంటుంది.

మొదట ఎవరి గదిలో

బ్రాడీపేటలో మా అక్క వాళ్ల అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటరు కొనాలనుకున్నప్పుడు మొదటి నెల ఎవరింట్లో పెట్టాలన్న చర్చ వచ్చింది. ప్రెసిడెంటు గారి ఫ్లాట్ మూడో అంతస్తు. సెక్రటరీ గారిది నాలుగు. నేను కింద సెల్లార్‌లో వాచ్‌మన్ గది చూసి వచ్చాను. ఎనిమిది అడుగులు, పది అడుగులు. మూడు వైపులా మట్టికి ఆనుకున్న గోడ, ఒక ఇనుప తలుపు, కిటికీ లేదు. గచ్చు మీద మూలనుంచి మూలకు పగులు. అందులోనే పొయ్యి, మంచం, స్కూలు బ్యాగులు. ఆ ఇంటి ఇల్లాలు "ఏంటమ్మా అది, కెమెరానా?" అని అడిగింది. గాలిని కొలిచేదని చెప్పాను.

అమెరికా వాళ్లు బేస్‌మెంట్ అన్న మాటకు మన దగ్గర సరిగ్గా అతికే గది అదొక్కటే. పై అంతస్తుల్లో కొలిస్తే 20 వస్తుంది, అందరం సంతోషిస్తాం. అక్కడ పెట్టించాను. నెల సగటు 186.

అసోసియేషన్ వాళ్లు మంచివాళ్లు, అంకె చూశాక ఎవరూ వాదించలేదు. గచ్చు పగులు మూయించారు. తలుపు పై సగానికి జాలీ కొట్టించారు. ర్యాంపు వైపు గోడకు రెండడుగుల వెంటిలేటర్ పెట్టించి, బయటి గాలిని లోపలికి తోసే చిన్న ఫ్యాను బిగించారు. మూడు వారాలుగా మీటరు మళ్లీ అక్కడే ఉంది. నిన్న అక్క ఫోన్ చేసి 71 అని చెప్పింది. వాచ్‌మన్ పిల్లలిద్దరికీ ఆ సెల్లార్ గది బదులు ఒకటో అంతస్తులో ఖాళీగా ఉన్న స్టోర్ రూమ్ ఇవ్వాలని నేను అడుగుతున్నాను. వచ్చే ఆదివారం మీటింగులో పెడతారట.